పెట్టె మూసేదాకా

మా ఉస్తాదు అబ్దుల్ మజీద్‌కు రెండు చెవులూ వినపడవు. ఈ మాట వినగానే నవ్వేవాళ్ళు నరసరావుపేటలో చాలామంది ఉన్నారు. చెవిటివాడికి మోటారు రిపేరేమిటి, ఇంజను ఏమంటుందో వాడికెట్లా తెలుస్తుంది అని మూతి బిగించి నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే బళ్ళు తెచ్చి మా షెడ్డు ముందు నిలబెడతారు. ఎందుకంటే మాచర్ల దాకా వెతికినా గేరుబాక్సు విప్పి మళ్ళీ తిన్నగా బిగించగల చెయ్యి అదొక్కటే. నవ్విన నాపచేనే పండుతుందని వాళ్ళకు చెప్పి చెప్పి, విసుగొచ్చి మానేశాను.

ఆయన పుట్టు చెవిటివాడు కాదు. చిన్నప్పటి నుంచి చీము కారి కారి, ముప్పై అయిదో ఏట చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. ఆ తర్వాతే చండ్రకర్ర చేతపట్టాడు. మూరెడు పొడుగు, బొటనవేలంత లావు. ఒక కొస గేరుబాక్సు మీద ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. చెవిలోంచి పోని మోత పళ్ళలోంచి, దవడ ఎముకలోంచి తలలోకి పోతుందట. నేనూ కరిచి చూశాను. పళ్ళు జివ్వుమనటం తప్ప నాకేమీ తెలియలేదు. ఆయనకు మాత్రం లోపల ఏ చక్రం ఏడుస్తోందో, దాని పళ్ళలో ఏది అరిగిందో తెలిసిపోయేది.

"కర్ర అబద్ధం చెప్పదు జ్ఞానయ్యా," అనేవాడు. "బండిగలాయన చెప్తాడు, డ్రైవరు చెప్తాడు. కర్ర చెప్పదు." తన గొంతు తనకు వినపడదు కాబట్టి మామూలు మాట కూడా అరిచినట్టే ఉండేది.

నేను ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు చేశాక జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు ముప్పై నిండాయి. పానాలు అందించటం, ఆముదం వడగట్టటం ఒక సగం పని. లోకం అనే మాటలన్నీ సైగలుగా మార్చి ఆయనకు చెప్పటం రెండో సగం. ఆయన భార్య చాంద్ బీకి కూడా నేనే దిక్కు. ఆమెకు చదువు రాదు. అన్నం, నీళ్ళు, చుట్టాలు, బజారు వంటివాటికి సైగలు చాలేవి. అంతకు మించిన మాట ఏదున్నా నన్ను పిలిచేది. ఇంట్లో వాళ్ళది ఉర్దూ, నాతో తెలుగు. విచిత్రమేమంటే, వినపడదని తెలిసీ ఆమె మొగుడితో మాట్లాడటం మానలేదు. చేత్తో సైగ చేస్తూనే నోటితో ఉర్దూలో ఆ మాట అనేది. పన్నెండేళ్ళు అట్లాగే మాట్లాడింది.

మా షెడ్డుకు ఒక కట్టడి ఉండేది. గేరుబాక్సును మేం పెట్టె అంటాం, దాని మూత తెరిచామంటే, మళ్ళీ మూసేదాకా ఇంటి కబురు షెడ్డులోకి రాకూడదు. ఉస్తాదు తిండీ పడకా అక్కడే. తిండి నేను తెచ్చేవాణ్ణి. ఆడవాళ్ళు ఎటూ షెడ్డు గడప తొక్కరు. ఈ కట్టడి ఊరికే పుట్టలేదు. చెవులు పోకముందు, ఒక మాచర్ల బస్సు పెట్టె బిగిస్తూ ఉండగా కూతురు ఖాతూన్‌కు జ్వరమని కబురొస్తే ఆయన మధ్యలో లేచి వెళ్ళాడు. తిరిగొచ్చి అగ్గిపుల్లంత పిన్ను ఒకటి వెయ్యటం మరిచిపోయాడు. ఆ బస్సు ఎత్తిపోతల దగ్గర ఎగువ ఎక్కుతూ గేరు ఊడి వెనక్కి దొర్లింది. చక్రం కింద రాయి పెట్టబోయిన క్లీనరు దాని కిందే పోయాడు. కూతురి జ్వరం మర్నాటికి తగ్గింది. ఆ క్లీనరు తల్లి మాత్రం చాలా ఏళ్ళు మా షెడ్డు ముందు నుంచి నడిచిపోయేది, లోపలికి చూడకుండా. ఆమె కనపడిన రోజున ఉస్తాదు అన్నం తినేవాడు కాదు.

నలభై మూడు వేసవిలో కారంపూడి నాగభూషణరావు గారి కారు వచ్చింది. యుద్ధం రోజులు. బస్సులన్నీ బొగ్గు గ్యాసుతో దగ్గుతూ నడుస్తున్నాయి. పెట్రోలుకు కూపన్లు. మద్రాసు నుంచి ఒక్క సామాను కూడా రావటం లేదు. రావు గారికి గురువారం గుంటూరు కోర్టులో వాయిదా ఉంది. సెకండు గేరు వేస్తే కారు గుర్రుమని అరిచి గేరు బయటికి తన్నేస్తోంది.

ఉస్తాదు వెనక చక్రాలు పైకెత్తించి, ఇంజను నడిపించి, కర్ర కరిచాడు. కాసేపటికి తీసి, "రెండో గేరు చక్రంలో ఒక పన్ను లేదు," అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం పెట్టె దించి పాత ఆయిలు పళ్ళెంలోకి వంపితే, అడుగున విరిగిన పన్ను ముక్క కనపడింది. ఆయిలు వేళ్ళ మధ్య రుద్ది ఎండలో పెడితే ఇనప రజను మిలమిల మెరిసింది.

కొత్త చక్రం దొరకదు. ఉన్నదానికే పన్ను కట్టాలి. విరిగినచోట వరసగా మూడు బెజ్జాలు తొలిచి, ఉక్కు మేకులు దిగ్గొట్టి, వాటి చుట్టూ ఇత్తడి కరిగించి పోసి, ఆ ముద్దను ఆకురాయితో రాకి రాకి పన్ను ఆకారానికి తేవాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే పక్క చక్రాన్ని తినేస్తుంది, తక్కువైతే మోగుతుంది. తొమ్మిదేళ్ళలో ఆ పని ఉస్తాదు నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఈసారి ఇత్తడి చల్లారాక ఆకురాయి నా ముందు పెట్టి, "ఈ పన్ను నువ్వే రాకాలి," అన్నాడు.

ఆ పూట నేను నేలమీద లేను. ఇంటికి వెళ్ళి మా ఆవిడ ఆదెమ్మకు పండగ కబురు చెప్పినట్టు చెప్పాను. పన్ను రాకటమేందో, దానికింత సంబరమేందో ఆమెకు అర్థం కాలేదు. అయినా నవ్వింది.

సోమవారం పొద్దున కేరియరు కోసం ఉస్తాదు ఇంటికి వెళితే, చాంద్ బీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కేరియరు సర్దే ఉంది. ఒక చెయ్యి పొట్ట కుడి పక్కన అదిమి పెట్టుకుంది.

"రాత్రి నుంచి పోట్లు తమ్ముడా. ఇది మామూలు నొప్పి గాదు. కాలు జాపితే ప్రాణం పోతంది. ఆసుపత్రికి పోవాలని మీ ఉస్తాదుకు చెప్పు."

"పెట్టె తెరిచి ఉందక్కా."

"తెలుసులే. తెలిసే చెప్తన్నా. ఎప్పుడన్నా అడిగానా నేను?"

నిజమే, ఎప్పుడూ అడగలేదు. చెప్తానని తలూపి వచ్చాను.

షెడ్డులో ఉస్తాదు తడిపిన గోనెలు తలుపులకు కడుతున్నాడు. మా పల్నాటి గాలికి వేసవిలో దుమ్ము ఎక్కడ దూరుతుందో చెప్పలేం, తెరిచిన పెట్టెలో గుప్పెడు పడితే నెల తిరక్కుండా పళ్ళన్నీ అరిగిపోతాయి. నా ఆకురాయి, చక్రం గుడ్డమీద పెట్టి ఉన్నాయి. ఆయన వైపు ఒకసారి చెయ్యి ఎత్తాను. ఆయన చూడలేదు. ఎత్తిన చెయ్యి దించి ఆకురాయి తీసుకున్నాను.

కట్టడి గుర్తొచ్చి ఆగాననుకున్నాను ఆ రోజు. కాదు. కట్టడి మీదికి తప్పు నెట్టటం తేలిక. చెప్తే ఆయన పెట్టె మీద గోనె కప్పి లేస్తాడు, రావు గారి వాయిదాకు కారు అందాలంటే రాత్రికి వచ్చి ఆ పన్ను ఆయనే గబగబా రాకేస్తాడు, నా చేతిలోది నా చేతిలోంచి పోతుంది. అదీ నా భయం. ఒక్క పన్ను కోసం. బుధవారం పొద్దుటికల్లా మూసేస్తాం కదా, ఆడవాళ్ళకు పొట్టనొప్పులు రావటం కొత్తా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని మా పంతులు బెత్తంతో కొట్టి మరీ నేర్పాడు. నేర్చుకున్నది అక్కరకు రావాలి కదా.

ఆ సాయంత్రం కేరియరు ఇవ్వటానికి వెళితే, చాప మీద ముడుచుకుని పడుకున్న మనిషి తల ఎత్తింది.

"చెప్పావా?"

"చెప్పానక్కా," అన్నాను. "పెట్టె మూయంగానే వస్తానన్నాడు."

ఆమె కాసేపు కప్పు వైపు చూసి, "సరేలే," అని గోడ వైపు తిరిగింది. ఆ తిరగటం అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నం సహించదు.

మంగళవారం పొద్దునకు పన్ను రూపానికి వచ్చింది. చక్రాలు ఒకదానితో ఒకటి సరిగా కలుస్తున్నాయో లేదో చూడటానికి పళ్ళకు కాటుక పూసి చేత్తో తిప్పుతాం. కాటుక ఎక్కడ అంటితే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు, అక్కడే రాకాలి. ఆముదపు దీపం మసితో చాంద్ బీ చేసే కాటుకే మా షెడ్డులో వాడేది. ఆ ఇంటి నుంచి తెరిచిన పెట్టెలోకి వెళ్ళే వస్తువు అదొక్కటే. అయిపోయిందని నేను వెళ్ళాను.

ఆమె నిలబడలేకపోయింది. గోడ పట్టుకుని, నడుము రెండుగా వంగి, గూటి దాకా నడిచి, వెతికి, చిన్న ఇత్తడి డబ్బా తీసి ఇచ్చింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది.

"మీ పని అయిపోవచ్చిందా?" అంది.

"రేపు పొద్దునకు అక్కా."

"దుమ్ము పడకుండా చూసుకోండి," అంది.

ఆ డబ్బా తెచ్చి పళ్ళకు పూశాను. మూడుసార్లు పూసి, మూడుసార్లు రాకాక కాటుక పన్ను పొడుగునా సమంగా అంటింది. ఉస్తాదు దాన్ని దీపం దగ్గర తిప్పి చూసి, నా వీపు మీద చరిచాడు. నాన్న పోయినప్పటి నుంచి నా వీపు మీద అట్లా చరిచినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం చాంద్ బీ లేచి కూర్చుని ఉంది. "తగ్గింది తమ్ముడా," అంది. "ఉన్నట్టుండి పోటు పోయింది." నా గుండెల మీద నుంచి బండ దిగింది. చూశావా, చెప్పకపోవటమే మంచిదైంది అనుకున్నాను కూడా. లోపల వాచిన పేగు పగిలినప్పుడు నొప్పి కాసేపు అట్లా తగ్గుతుందని తర్వాత డాక్టరు చెప్తే తెలిసింది.

బుధవారం పొద్దున పెట్టె మూశాం. కొత్త గేరు ఆయిలు ఎక్కడా లేదు గనక గానుగ ఆముదమే రెండుసార్లు వడగట్టి పోశాం. ఉస్తాదు ప్రతి పిన్ను మీదా వేలు పెట్టి లెక్క చూసుకున్నాడు. కారుకు ఎక్కించి, ఇంజను నడిపించి, సెకండు గేరు వేయించి, కర్ర కరిచి కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచి నవ్వాడు.

"ఏమీ వినపడటంలా," అని అరిచాడు. మా పనిలో అంతకన్న పెద్ద మెప్పు లేదు.

ఆ సంతోషంలోనే, పెట్టె మూసిన కబురు చెబుదామని ఆమె దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట బల్లలాగా బిగుసుకుపోయింది. పెదాలు ఎండిపోయి నల్లబడ్డాయి. తిరిగి షెడ్డుకు ఎట్లా పరిగెత్తానో తెలియదు. ఉస్తాదు నా సైగలు పూర్తికాకముందే చేతిలో గుడ్డ పారేసి లేచాడు.

నాగభూషణరావు గారు అప్పుడే కారు కోసం వచ్చి ఉన్నారు. సంగతి విని, "ముందు ఆమెను ఎక్కించండయ్యా, కోర్టు ఎక్కడికి పోద్ది," అన్నారు. ఆ కారులోనే తీసుకెళ్ళాం. నేను కట్టిన పన్నుతో కారు బజారు గుంటల్లో పడుతూ లేస్తూ ఒక్క చప్పుడు చెయ్యకుండా నడిచింది. ఆ చప్పుడు లేకపోవటం నేను భరించలేకపోయాను.

ఆసుపత్రిలో డాక్టరు పొట్ట తట్టి చూసి, గొట్టం చెవులకు పెట్టుకుని గుండె విని, నన్ను పక్కకు పిలిచాడు. "పేగు పగిలి చీము పొట్టంతా పాకింది. ఇప్పుడు కోసినా నిలవదు. సోమవారం తెచ్చుంటే కోసి తీసేవాణ్ణి. ఇంతసేపు ఏం చేశారయ్యా?"

ఉస్తాదు నా ముఖంలోకి చూస్తున్నాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి, గుప్పిట బిగించి విప్పి, పగిలిందని చూపించాను. పొద్దు వాలిపోయిందన్నట్టు చెయ్యి పడమరకు వంచాను. సోమవారం అనే మాట మాత్రం చేతుల్లోకి రాలేదు. రానివ్వలేదు.

ఆయన ఏడవలేదు. డాక్టరు మెడలో ఉన్న ఆ గొట్టం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బయటికి వెళ్ళి, కారులో ఉన్న పనిముట్ల సంచీలోంచి చండ్రకర్ర తీసుకుని వచ్చాడు. వార్డులో జనం చూస్తుండగా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కర్ర కొసను తన చొక్కాకు తుడిచి, ఆమె గొంతు కింద ఎముక మీద మెల్లగా ఆనించాడు. రెండో కొస కరిచాడు. మాట్లాడమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత, ఇన్నేళ్ళూ పిలిచినట్టే, "అజీ" అని ఉర్దూలో పిలిచింది, ఏమండీ అన్నట్టు.

ఆయన దవడ వణికింది. కర్ర జారబోతే చేత్తో పట్టుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కర్ర మీదికి కారాయి. ఒక్క క్షణం నోట్లోంచి తీసి, "నీ గొంతు ముసలిదైపోయిందే," అన్నాడు.

పన్నెండేళ్ళు. ఆ కర్ర షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది. వందల పెట్టెల మీద పెట్టాం. పక్క సందులోనే ఉన్న మనిషి ఎముక మీద పెట్టి చూడాలని ఆయనకు తట్టలేదు, నాకు తట్టలేదు, ఆమె అడగలేదు. బుద్ధి లేని చేతులు మావి. పని తప్ప ఇంకేమీ తెలియని చేతులు.

వాళ్ళిద్దరూ కాసేపు ఏవో చిన్న మాటలు మాట్లాడుకున్నారు. మాచర్లకు ఇచ్చిన కూతురికి కబురు పంపారా అని అడిగింది. మేక పాలు పిండలేదని చెప్పింది. ఆయన ప్రతి మాటకూ చిన్నపిల్లవాడిలా తలూపాడు. చివరకు కర్ర తీసి అడిగాడు.

"నొప్పని నాకెందుకు చెప్పలేదు నువ్వు? నేను ఇంట్లో లేకపోతే జ్ఞానయ్యతోనన్నా చెప్పకపోయావా?"

మళ్ళీ కర్ర కరిచి, జవాబు కోసం కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కళ్ళు ఆయన మీద నుంచి నా మీదికి వచ్చాయి. నేను ఆయనకు చెప్పనే లేదని అప్పుడు తెలిసింది ఆమెకు. కబురు విని కూడా మొగుడు రాలేదని, తనకన్న పెట్టే ఎక్కువైందని రెండు రాత్రులు గోడ వైపు తిరిగి పడుకుంది ఆ మనిషి. ఆ రెండు రాత్రుల బాధ ఆమెకు పెట్టింది నేను. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. చెప్తుంది, చెప్పాలి కూడా అనుకున్నాను.

పాతికేళ్ళ కాపురంలో మొగుడితో ఉర్దూ తప్ప మాట్లాడని ఆమె, ఆ ఒక్క మాట తెలుగులో చెప్పింది.

"నేనెవురికీ చెప్పలా. జ్ఞానయ్య అడిగాడు గూడా, ఏందక్కా అట్టా ఉన్నావని. ఏం లేదు పొమ్మన్నా. అతనికేం తెలవదు. అతని మీద కోప్పడమాక."

నాకు ఉర్దూ అర్థమవుతుందని ఆమెకు తెలుసు. అయినా తెలుగులో, నా భాషలో చెప్పింది. ఆ కర్రలోంచి అబద్ధం వెళ్ళటం అదే మొదలు.

ఉస్తాదు కర్ర నోట్లోంచి తీసి నా వైపు తిరిగాడు. "విన్నావా జ్ఞానయ్యా? ఎవురికీ చెప్పుకోలా పిచ్చిది. నా కట్టడికి భయపడి చెప్పుకోలా. నేనే చంపుకున్నా," అని అరిచాడు. ఆయన మామూలు గొంతే అది. వార్డంతా మా వైపు తిరిగింది. నేను తల వంచుకున్నాను. అప్పుడైనా నోరు తెరిచి ఉండవలసింది. నోరు తెరిస్తే ఆయనకు వినపడదు, చేతులు ఎత్తాలి. చేతులు లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం లోపలే ఆమె పోయింది. మాచర్ల నుంచి ఖాతూన్ బొగ్గు బస్సులో వచ్చేసరికి మట్టి కూడా ఇచ్చేశారు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. యుద్ధం ఆగిపోయింది. మద్రాసు నుంచి కొత్త చక్రాలు పెట్టెల్లో వస్తున్నాయి, పన్ను కట్టించుకునేవాళ్ళు లేరు. నాగభూషణరావు గారి కారు మాత్రం ఇంకా నడుస్తోంది, ఆ పన్ను ఇంకా విరగలేదు. మా షెడ్డులో ఇప్పుడు కట్టడి లేదు. పెట్టె తెరిచి ఉన్నా, చేతులు నూనెలో ఉన్నా, ఉస్తాదు గంటకోసారి తల ఎత్తి అరుస్తాడు.

"జ్ఞానయ్యా, ఇంటి నుంచి కబురేమన్నా ఉందా?"

ఆయన ఇంట్లో ఇప్పుడు కబురు పంపేవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మా ఇంటి గురించే అడుగుతున్నాడని, ఆదెమ్మ గురించి, పిల్లల గురించి అడుగుతున్నాడని నాకు తెలుసు. చండ్రకర్ర పక్కనే ఉంటుంది. దాని కొస నా గొంతు కింద ఎముకకు ఆనించుకుని, రెండో కొస ఆయన పళ్ళకు అందించి, ఒక్క మాట అంటే చాలు. చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను. తుడిచి మళ్ళీ మేకుకు తగిలిస్తాను.

లేదని తల ఊపుతాను. ఆయన మళ్ళీ పెట్టెలోకి వంగుతాడు. ఆమె సోమవారం పొద్దున ఇచ్చిన కబురు ఇంకా నా దగ్గరే ఉంది.